సూర్యుడి మీద మచ్చ పేలేలా ఉందా లేదా ఫొటోలు చూసి ఎలా పట్టుకోవాలి

ముందే చెప్తున్నా, ఉత్త కళ్ళతో సూర్యుణ్ణి చూడొద్దు. నాసా వాళ్ళ ఎస్‌డీఓ శాటిలైట్ 2010 నుంచి తీస్తున్న ఫొటోలు ఫ్రీగా దొరుకుతాయి, అవి చాలు.

మొదట హెచ్‌ఎంఐ మాగ్నెటోగ్రామ్, అంటే సూర్యుడి మీద అయస్కాంత క్షేత్రాన్ని చూపించే ఫొటో, ఓపెన్ చేయండి. బూడిదరంగు మీద తెల్ల మరకలు, నల్ల మరకలు ఉంటాయి, తెలుపంటే అయస్కాంత క్షేత్రం మనవైపు వస్తోందని, నలుపంటే లోపలికి పోతోందని. చాలామంది పెద్ద మచ్చ కనపడగానే ఇదే పేలుద్ది అనుకుంటారు, నేనూ మొదట్లో అంతే. సైజు కాదండీ చూడాల్సింది. తెలుపు ఒకపక్క నలుపు ఒకపక్క విడివిడిగా ఉంటే ఎంత పెద్దదైనా మామూలుగా గమ్మునే ఉంటుంది, రెండూ ఒరుసుకుంటూ కలగాపులగంగా ఉంటేనే డౌట్ పడాలి. మచ్చ రకం బీటా-గామా-డెల్టా అని రాసుంటే ఇలా కలగాపులగంగా ఉందనే.

ఎందుకంటే అయస్కాంత క్షేత్ర రేఖలు ప్లాస్మాకి (సూర్యుడిలోని విద్యుదావేశమున్న వేడి వాయువుకి) అతుక్కుపోయినట్టు ఉంటాయి, అది ఎటు జరిగితే అవీ దాంతోపాటే పోతాయి, కింద మొదళ్ళు అలా జరిగేకొద్దీ పైన ఆ రేఖల లూపులకి (కమానుల్లాంటి వంపులకి) తాడుకి పురెక్కినట్టు ఎక్కుతూ పోతుంది. పేలుడుకి కావాల్సిన ఎనర్జీ ఆ పురిలోనే ఉంది. పురి లేని లూప్ ఎంత బలమైనదైనా దాన్నుంచి పేలడానికి ఏమీ మిగలదు.

పురి ఎక్కిందో లేదో తెలియాలంటే అదే ఎస్‌డీఓ తీసే 171, 94 ఫొటోలు (ఆంగ్‌స్ట్రామ్‌లలో అతినీలలోహిత కాంతి తరంగదైర్ఘ్యాలు ఇవి) చూడండి. లూపులు తెలుపు-నలుపు సరిహద్దుని వంతెనలా అడ్డంగా దాటితే సమస్య లేదు, సరిహద్దు వెంబడే పడుకుని ఎస్ అక్షరంలా వంకర తిరిగితే మాత్రం బాగా బిగిసినట్టే. అక్కడే ఒక్కోసారి నల్లటి తాడులా ఫిలమెంట్ (చుట్టుపక్కల కంటే చల్లటి ప్లాస్మా పోగు) కనిపిస్తుంది, దాన్ని పైనున్న లూపులు అదిమిపెట్టి ఉంచుతాయి. అది మెల్లగా పైకి లేస్తోందా, ఇక రెడీ అవ్వండి, ఆ పట్టు సడలి రేఖలు తెగి వేరేగా అతుక్కుంటే రోజుల తరబడి కూడిందంతా నిమిషాల్లో బయటపడుతుంది.

తర్వాత గోస్ శాటిలైట్ల ఎక్స్-రే గ్రాఫ్ చూడండి, పేలుడు (ఫ్లేర్) ఎంత పెద్దదో అందులో సీ, ఎమ్, ఎక్స్ అక్షరాలతో తెలుస్తుంది, సీ కంటే ఎమ్, ఎమ్ కంటే ఎక్స్ పదేసి రెట్లు. పేలుడు వెలుగు మనకి 8 నిమిషాల్లో వచ్చేస్తుంది, దాంతోపాటు ఒక్కోసారి ఎగిసిపడే ప్లాస్మా మబ్బు మనవైపే వస్తుంటే మామూలుగా 1 నుంచి 3 రోజులు.

ఒకసారి పేలింది కదా అని వదిలేయకండి. 2024 మేలో 13664 నంబరు మచ్చ వరసగా ఎక్స్ ఫ్లేర్లు కొట్టింది, 10న భూమి మీద జీ5 (అన్నిటికంటే పై స్థాయి) అయస్కాంత తుఫాను వచ్చాక కూడా 14న ఎక్స్8.7 పేల్చింది. అందుకే మర్నాడు మళ్ళీ మాగ్నెటోగ్రామ్ తీసి, పాత మరకల మధ్యలో కొత్త చుక్కలు మొలుస్తున్నాయేమో చూడండి.