మేత ముట్టని అమెజాన్ ఆకుచేప చివరికి తిన్నది: నా అనుభవం

అక్వేరియంలో పెంచుకోవడానికి ఆకుచేప తెచ్చుకున్నాక అది మేత తినడం లేదని, ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. కావలిలో మా ఇంట్లోనూ అదే జరిగింది. తల కిందికి వంచి, ఎండుటాకులా ఓ మూల నిలబడేది. 11 రోజులు ఏమీ తినలేదు, పొట్ట లోపలికి పోయింది. గుళికలు, ఫ్రీజ్ చేసిన ఎర్రపురుగులు, తరిగిన రొయ్య, ఏదీ ముట్టలేదు.

ముందు ఫిల్టర్ మార్చాను. ఈ చేప వెంటాడి పట్టదు, కొట్టుకొచ్చే ఆకులా మెల్లగా దగ్గరికి జరుగుతుంది. నీళ్లు జోరుగా కదులుతుంటే దానికి ఆ పని కుదరదు. అందుకే చిన్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, దాన్ని నడిపే గాలి బాగా తగ్గించాను. తర్వాత నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పుతేలి గట్టిగా (లవణాలు ఎక్కువగా) ఉంటాయి, దీనికేమో మెత్తని (లవణాలు తక్కువున్న), కొంచెం ఆమ్లగుణమున్న నీళ్లు కావాలి. వారం పాటు రోజూ కొంచెం కొంచెంగా ఆర్‌ఓ నీళ్లు కలిపాను. రాలిన బాదం ఆకులు నాలుగు ఉడకబెట్టి, చల్లార్చి వేశాను. నీళ్లు పల్చటి టీ రంగుకొచ్చాయి.

ఆ సాయంత్రం లైటు ఆర్పి, రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచిన మూడు చిన్న గప్పీ చేపలను మేతగా వదిలాను. కదలకుండా కూర్చున్నాను. ఆకుచేప వెనక రెక్కలు గాజులా ఉంటాయి, అవి ఆడుతున్నట్టే కనపడదు. అరగంటకు నోరు గొట్టంలా ముందుకు సాగింది, ఒక గప్పీ మాయం! కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాది రెండంగుళాల పిల్ల చేప. మూడు మార్పులూ కలిపి చేశాను కాబట్టి ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను. పెద్దవాటికి ఇలాగే కుదురుతుందనీ అనను. చచ్చిన మేత ఇప్పటికీ ముట్టదు, అందుకే పెరట్లో గప్పీల తొట్టి పెట్టాను.