పాత చెస్ కంప్యూటర్ కొనే ముందు, కొన్నాక

చెస్ కంప్యూటర్లు, అంటే బోర్డులోనే కంప్యూటర్ ఉండి మనతో చెస్ ఆడే పాతకాలం మెషీన్లు, పోగేసేవాళ్లని చూస్తే మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ వీటన్నిటినీ చిత్తుగా ఓడిస్తుంది కదా, ఈ ప్లాస్టిక్ డబ్బాలెందుకు? ఓ రోజు ఒకదాని ముందు కూర్చున్నాను. నేను ఎత్తు వేశాక అది ఆలోచిస్తూ ఉండిపోయింది, రెండు నిమిషాలపాటు ఎర్ర లైటు మిణుకుమంటూనే ఉంది. ఎదుటివాడు ఇబ్బందిలో పడ్డాడని తెలిసినప్పుడు కలిగే సంతోషం ఏ యాప్‌తోనూ నాకు కలగలేదు.

అందుకే చెబుతున్నా, బలం చూసి కొనకండి, ఆడే తీరు చూసి కొనండి. 1984 నాటి నోవాగ్ కంపెనీ సూపర్ కాన్‌స్టలేషన్‌లో ఉన్నది 4 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, ఇప్పటి లెక్కలో చాలా నెమ్మదైనది. డేవిడ్ కిట్టింజర్ రాసిన ఆ ప్రోగ్రామ్‌కి పావులు బలివ్వడం సరదా. ఒక ఆటలో నా రాజు ముందున్న బంటు కోసం గుర్రాన్నే ఇచ్చేసింది. లెక్క వేస్తే అది తప్పుడు బలి, చివరికి గెలిచింది కూడా నేనే. కానీ మధ్యలో పది ఎత్తులు చెమటలు పట్టించింది! రిచర్డ్ లాంగ్ రాసిన మెఫిస్టో బ్రాండు ప్రోగ్రాములు దీనికి పూర్తిగా వేరు. వాటికి ఆమ్‌స్టర్‌డామ్, డాలస్, రోమా అని ప్రపంచ పోటీల్లో గెలిచిన ఊళ్ల పేర్లే పెట్టారు. అవి తొందరపడవు, మెల్లగా పీక నొక్కుతాయి.

చరిత్ర మీద మోజుంటే 1977 నాటి ఫిడెలిటీ చెస్ ఛాలెంజర్ కోసం వెతకండి. అందులో గళ్లను గుర్తుపట్టడానికి బోర్డు అంచున ఉండే అక్షరాలు, అంకెలు మామూలు బోర్డుతో పోలిస్తే తారుమారుగా ఉంటాయి. ఆట మాత్రం పేలవం.

కొనేటప్పుడు ముందు బ్యాటరీ మూత తీసి చూడండి. స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే ఆల్కలైన్ బ్యాటరీ కారిందన్నమాట. కొంచెమే అయితే దూదికి వెనిగర్ అద్ది తుడిస్తే పోతుంది. సర్క్యూట్ బోర్డు దాకా పాకి ఉంటే మాత్రం వదిలేయండి. తర్వాత 64 గళ్లలో ఒక్కటీ వదలకుండా పావు పెట్టి చూడండి, ఒక్క గడి పలక్కపోయినా ఆట సాగదు. కొన్ని బోర్డులు గడిని నొక్కితే పని చేస్తాయి, వాటికి ఏ పావులైనా సరిపోతాయి. అయస్కాంతంతో గుర్తుపట్టే బోర్డుకి మాత్రం అడుగున అయస్కాంతమున్న పావులే కావాలి.

అడాప్టర్ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. పిన్ను చక్కగా దూరింది కదా అని పెట్టేశాను. ప్లస్, మైనస్ తారుమారు. కాలిన వాసన వచ్చింది, అంతే, అది మళ్లీ వెలగలేదు. మెషీన్ వెనక రాసిన వోల్టేజీ, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నదీ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు.

ఇంటికి తెచ్చాక, ఎత్తుకి ఒక నిమిషం ఆలోచించే లెవెల్ పెట్టి నెల రోజులు దానితోనే ఆడండి, అప్పటిదాకా రెండోది కొనొద్దు. దాని బలహీనతలు ఒక్కొక్కటే బయటపడతాయి. మంత్రి పోవడం ఖాయమైన చోట, కాసేపైనా వాయిదా వేద్దామని బంట్లను ఒక్కొక్కటిగా పారేస్తుంది. అంతకు మించిన దూరం దానికి కనిపించదు మరి.

మాన్యువల్ దొరికితే పారేయకండి. నా దగ్గరున్న ఒకదాని చివరి పేజీలో పాత యజమాని పెన్సిల్‌తో రాసుకున్న స్కోరు ఉంది: నేను 3, ఇది 41. దాని కిందే నాదీ రాస్తున్నాను. ప్రస్తుతానికి 5, 19.