తోటకొచ్చే హెడ్జ్‌హాగ్‌కి ముందు దారి, తర్వాతే గిన్నె

రాత్రిపూట తోటలో హెడ్జ్‌హాగ్ (యూరప్ తోటల్లో తిరిగే, ఒళ్లంతా ముళ్లుండే చిన్న జంతువు) కనబడగానే ఏం పెడదామా అని అందరూ వంటింట్లోకి పరిగెత్తుతారు. నన్నడిగితే ముందు వెళ్లాల్సింది కంచె దగ్గరికి. ఈ జంతువు ఒక్క రాత్రిలో కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. మన తోట ఆ దారిలో ఓ మజిలీ, అంతే. చుట్టూ సందులేని చెక్క కంచెలుంటే ఎంత మంచి తిండి పెట్టినా అది లోపలికి రాలేదు. గేటు కింద నుంచి ఎలాగోలా వచ్చినా మళ్లీ రోడ్డు మీదికే వెళ్లాలి.

కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కన్నం చాలు. పెద్ద హెడ్జ్‌హాగ్ సులువుగా దూరుతుంది, చాలా కుక్కలు దూరలేవు. చెక్క పలక అడుగు భాగాన్ని రంపంతో కోసి, గరుకు అంచులు నున్నగా రుద్దేయండి. అడుగున సిమెంటు పలక ఉంటే దాన్ని ముట్టుకోకుండా కింద మట్టి తవ్వి దారి చేయొచ్చు. కంచె ఇద్దరిదీ అయితే మాత్రం పక్కవాళ్లను అడక్కుండా కోయకండి. మా పక్కింటావిడ మొదట ఒప్పుకోలేదు, ఎలుకలొస్తాయని ఆవిడ భయం. "ఎలుకకి ఇంత కన్నం దేనికండీ, దానికి చిన్న సందు చాలదూ" అన్నాను. ఒప్పుకోవడమే కాదు, అవతలి కంచెకి కూడా ఆవిడే ఇంకోటి కోయించింది. ఇలా వరసగా నాలుగైదు తోటలు కలిస్తేనే దానికి నిజంగా పనికొస్తుంది.

అసలు వస్తోందో లేదో తెలియకపోతే పొద్దున్నే గడ్డిలో చూడండి. నల్లగా మెరుస్తూ, చిటికెన వేలంత లావున్న రెట్ట కనిపిస్తే, అందులో పురుగుల రెక్కల ముక్కలుంటే, వచ్చి వెళ్లినట్టే. వేసవి మొదట్లో అర్ధరాత్రి పొదల్లోంచి బుస్సుబుస్సుమని చాలాసేపు వినిపిస్తే కంగారు పడొద్దు. మగది ఆడదాని చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే, ఆడది కోపంతో బుసకొడుతుంటుంది. గంటలు గడిచినా ఆ వ్యవహారం తేలదు.

ఇక తిండి. పాలు, బ్రెడ్డు పెట్టడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటే గానీ దానికంటే హాని ఇంకోటి లేదు. పాలలోని లాక్టోజు అనే చక్కెర వీటికి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లో నీరు పోయి చిన్నవైతే చచ్చిపోతాయి కూడా. మాంసంతో చేసిన పిల్లి తిండి గానీ కుక్క తిండి గానీ ఓ గుప్పెడు పెడితే చాలు. నేను పిల్లికూనల కోసం చేసే చిన్న బిస్కెట్లు వాడతాను. తడి తిండిలా తొందరగా పాడవవు, ఈగలూ తక్కువ. పిట్టల తిండిగా అమ్మే ఎండబెట్టిన మీల్‌వర్మ్ పురుగులు మాత్రం వద్దు. హెడ్జ్‌హాగ్‌లు వాటికోసం పడిచస్తాయి, మిగతావన్నీ వదిలేస్తాయి. వాటిలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. అవే తింటూ పోతే ఎముకల్లోని కాల్షియం తరిగి నడవలేని స్థితి వస్తుంది. పిట్టల కోసం వేలాడదీసిన డబ్బాలోంచి రాలే వేరుశనగలు, పొద్దుతిరుగుడు పప్పుతోనూ ఇదే గొడవ. కింద పడ్డవి సాయంత్రానికల్లా ఊడ్చేయండి.

మనం పెట్టేది చిరుతిండి మాత్రమే, అసలు భోజనం మట్టిలో ఉంది. పేడపురుగులు, గొంగళిపురుగులు, వానపాములు. అందుకే తోటలో ఓ మూల గడ్డి కోయకుండా వదిలేయండి, పుచ్చిన దుంగలు నాలుగు పడేయండి. పురుగుమందులు మానేస్తే ఇంకా మంచిది. నత్తల మందులో మెటాల్డిహైడ్ ఉంటే దాని జోలికే పోవద్దు. అది హెడ్జ్‌హాగ్‌కి కూడా విషమే.

తిండి కంటే నీళ్లు ముఖ్యం, ఎండల్లో మరీనూ. లోతు తక్కువగా, బరువుగా ఉన్న గిన్నెలో పెట్టి రోజూ మార్చండి.

తిండిని బయట అలా వదిలేస్తే పక్కింటి పిల్లి పాలే. ఓ ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, పక్కన అదే 13 సెంటీమీటర్ల కన్నం కోసి, పైన ఇటుక పెట్టండి. గిన్నె లోపలి చివరన ఉండాలి. ఇంత చేసినా మా వీధి పిల్లి చెయ్యి పెట్టి లాగేసేది. కన్నానికి ఎదురుగా, కొద్ది దూరంలో ఇంకో ఇటుక అడ్డం పెట్టాక కుదరలేదు దానికి. హెడ్జ్‌హాగ్ చుట్టూ తిరిగి వెళ్తుంది, పిల్లికి ఆ మలుపు తిరగదు. మిగిలింది పొద్దున్నే తీసేసి గిన్నె వేడినీళ్లతో కడగండి. ఒకే చోట చాలా జంతువులు తింటే జబ్బులు అంటుకుంటాయి.

డెన్మార్క్ పరిశోధకురాలు సోఫీ లుండ్ రాస్ముసెన్ బృందం చనిపోయిన హెడ్జ్‌హాగ్‌ల దవడ ఎముకల్లోని వలయాలు లెక్కపెట్టి వయసు తేల్చింది. 2023లో ప్రకటించిన ఆ ఫలితాల్లో ఒకటి 16 ఏళ్లు బతికింది. సగటు మాత్రం రెండేళ్లే. ఆ 16 ఏళ్లది కూడా కుక్క దాడి తర్వాతే పోయింది. అందుకే రాత్రి కుక్కను వదిలేముందు తోటలో లైటు వేసి కాసేపు ఆగండి.

ఆవిడే అంతకుముందు రోబో లాన్ మోవర్‌లను, అంటే వాటంతటవే తిరుగుతూ గడ్డి కోసే యంత్రాలను కూడా పరీక్షించారు. దారిలో హెడ్జ్‌హాగ్ ఉందని ఏ యంత్రమూ తాకకముందు గుర్తించలేకపోయింది. ఆపద రాగానే ఇది పారిపోదు, అక్కడే ముడుచుకుంటుంది. ముళ్లు నక్కను ఆపుతాయేమో గానీ బ్లేడును ఆపవు. కాబట్టి ఆ యంత్రాన్ని పగలే నడపండి. ట్రిమ్మర్ వాడేముందు పొడుగు గడ్డిని కర్రతో కదిపి చూడండి. ఆకుల కుప్పకి నిప్పు పెట్టాలంటే అదే రోజు పక్కకి జరిపి పేర్చి అంటించండి. పిల్లల ఫుట్‌బాల్ వలలో చిక్కుకోకుండా దాన్ని రాత్రికి చుట్టి పైన పెట్టేయండి. నీటికుంట ఉంటే అంచుకి ఓ పలక వాలుగా పెట్టండి. ఈత వచ్చు గానీ నిటారు గోడ ఎక్కలేవు.

యూరప్‌లో ఇవి ఇంచుమించు నవంబరు నుంచి మార్చి దాకా శీతాకాల నిద్రలో ఉంటాయి. మామూలుగా నిమిషానికి 190 సార్లు కొట్టుకునే గుండె 20 దగ్గరికి దిగుతుంది. మధ్యలో లేపితే దాచుకున్న కొవ్వు వృథాగా ఖర్చవుతుంది. అందుకని ఎండుటాకుల కుప్పల్ని చలికాలంలో కదపొద్దు. చెక్క పెట్టె చేసి పెట్టినా లోపల గుడ్డలు కుక్కకండి, దారాలు కాళ్లకు చుట్టుకుంటాయి. పక్కన ఆకులు పోసి ఉంచితే కావలసినవి అదే మోసుకెళ్లి సర్దుకుంటుంది. మూత తీసి తొంగిచూడటం ఎంత ఆపుకోలేని కోరికైనా ఆపుకోండి. వేసవిలో పిల్లలున్న గూడైతే మరీ, కదిపితే తల్లి వదిలేసి పోవచ్చు.

ఒకటి చెప్పాలి. ఎప్పుడైనా అది మెడ వెనక్కి తిప్పి, నోట్లోంచి నురగ తీసి ముళ్లకు పూసుకోవడం చూస్తే జబ్బనుకోకండి. కొత్త వాసన తగిలితే అలా చేస్తాయి. ఎందుకో ఇప్పటికీ తేలలేదు.

నిజంగా ఆదుకోవాల్సింది పగటిపూట ఎండలో పడుకున్నదాన్ని, తూలుతూ నడిచేదాన్ని, ఈగలు ముసిరినదాన్ని. శీతాకాలం ముంచుకొచ్చినా 450 గ్రాములు తూగని పిల్లకూ సాయం కావాలి. వేసవిలో ఆడది గూటికి గడ్డి కోసం పగలు కాసేపు రావచ్చు. అది చురుగ్గా తిరుగుతుంటే దాని పని దాన్ని చేసుకోనివ్వండి. అనుమానం ఉంటే మందపాటి గ్లౌజులతో ఎత్తి, ఎత్తైన అంచులున్న అట్టపెట్టెలో పెట్టండి. హాట్ వాటర్ బ్యాగ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి పక్కన ఉంచండి. జరగడానికి కాస్త ఖాళీ ఉండాలి. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు తిండి పెట్టొద్దు, చిన్న మూతలో నీళ్లు చాలు. పెట్టెను చీకటిగా, చప్పుడు లేనిచోట పెట్టి, దగ్గర్లోని వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి వెంటనే ఫోన్ చేయండి. దాన్నుంచి తామర, సాల్మొనెల్లా అనే క్రిమి అంటుకోవచ్చు, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎక్కడ దొరికిందో కచ్చితంగా రాసి పెట్టెతో పాటే ఇవ్వండి. కోలుకున్నాక అక్కడే వదలాలి, ఆ చుట్టుపక్కల తిండి, గూళ్లు ఎక్కడున్నాయో దానికి తెలుసు.