సాంబోర్ ప్రేయ్ కుక్ ఇటుక గుళ్లు ఎలా చూడాలంటే

కంబోడియాకి అంగ్‌కోర్ వాట్ కోసం వెళ్తుంటే ఒక పూట సాంబోర్ ప్రేయ్ కుక్‌కి ఉంచుకోండి. సియెం రీప్, నామ్ పెన్ నగరాల మధ్య 6వ నంబర్ హైవే మీద కంపోంగ్ థామ్ ఊళ్లో దిగి టుక్‌టుక్ మాట్లాడుకుంటే సుమారు 30 కిలోమీటర్లు. రానూపోనూ కలిపే బేరమాడండి, ఆ అడవిలో ఇంకో బండి దొరకడం కష్టం.

ఇది 7వ శతాబ్దంలో ఈశానవర్మ రాజధాని, ఈశానపురం. అంగ్‌కోర్ వాట్‌కి దాదాపు 500 ఏళ్ల ముందుది. 2017లో యునెస్కో జాబితాలో చేరింది. అంగ్‌కోర్ అంత భారీగా ఉంటుందనుకుని వెళ్తే మాత్రం నిరాశే, ఇక్కడ దగ్గరికెళ్లి తీరిగ్గా చూడాలి.

ఉత్తరాన సాంబోర్, మధ్యలో తావో, దక్షిణాన యేయ్ పోన్ అని మూడు గుంపులు. నేనైతే దక్షిణం నుంచే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఎనిమిది పలకల గుళ్లు అక్కడే బాగా కనిపిస్తాయి, పైగా అక్కడి శివుడి పేరు ప్రహసితేశ్వరుడు, అంటే నవ్వే శివుడు (ఈ పేరు మన దగ్గర ఎక్కడా విన్లేదు నేను). బయటి గోడల మీద చిన్న మేడలు చెక్కి ఉంటాయి, కిటికీల్లోంచి మనుషులు తొంగిచూస్తుంటారు, వీటినే ఎగిరే మేడలు అంటారు. గోడ కట్టాక ఆ ఇటుకల మీదే చెక్కిన పని ఇదంతా. నడినెత్తిన ఎండలో అవి గోడలో కలిసిపోతాయి, అందుకే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, ఏటవాలు వెలుగు పడేటప్పుడు వెళ్లండి.

తర్వాత లోపలికెళ్లి తలెత్తి చూడండి. నిజమైన కమాను లేదు, ఒక్కో వరస ఇటుకల్ని కాస్త కాస్త లోపలికి జరుపుకుంటూ పైదాకా కట్టేశారు. గుమ్మం పైన రాతి దూలం మీద ఎదురెదురుగా రెండు మకరాలు కనిపిస్తే ఆగండి, మన మకర తోరణానికి చుట్టాలే.

తావో అంటే సింహం, రాతి సింహాల్ని చూసి ముందుకు సాగొచ్చు. చెట్ల వేళ్లు చుట్టేసిన గుళ్ల దగ్గర ఫొటో సరే, గోడ ఎక్కొద్దు. 1970లలో బాంబులు పడ్డ చోటిది, గుంతలు ఇంకా ఉన్నాయి, దారి వదిలి పొదల్లోకి వెళ్లకండి.

ఇక్కడ దొరికిన దుర్గ, హరిహరుడి అసలు విగ్రహాలు నామ్ పెన్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి, అదీ ప్లాన్‌లో పెట్టుకోండి.