విశాఖ ఉక్కపోతలో జామ్ కుకీలు

బీచ్ రోడ్డు దగ్గరి ఇళ్లలో వెన్న బయట పెట్టిన కాసేపటికే జారిపోతుంది. ఈ కుకీలు చెడేది ఎక్కువగా అక్కడే. వేలు నొక్కితే గుంట పడాలి గానీ నూనె తేలకూడదు, వెన్న ఆ మెత్తదనంలో ఉండాలి.

ఉప్పులేని వెన్న 115 గ్రాములు, పంచదార పొడి 60 గ్రాములు తెల్లబడేదాకా గిలక్కొట్టండి. అర చెంచా వెనిలా, చిటికెడు ఉప్పు, 170 గ్రాముల మైదా వేసి ముద్ద కట్టగానే ఆపండి. ఎక్కువ పిసికితే కుకీ గట్టిపడుతుంది.

20 గ్రాముల ఉండలు 17 దాకా వస్తాయి. అప్పుడే బొటనవేలితో నొక్కండి. ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక నొక్కితే అంచులు పగులుతాయి. చిన్న పగుళ్లను వేలితో అదిమేయండి. తర్వాత అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి, మన వాతావరణంలో ఇది తప్పనిసరి. లేకపోతే ఓవెన్‌లో అప్పడంలా పరుచుకుంటాయి.

గుంటకు అర చెంచా జామ్ చాలు, నిండా పోస్తే పొంగి మాడుతుంది. పల్చటి జామ్‌ను ముందే కాస్త మరిగించి చల్లార్చండి. వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర 12-14 నిమిషాలు. అడుగు లేత బంగారు రంగుకు రాగానే తీసేయండి, పైన తెల్లగానే ఉంటుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. గాలి తగిలితే సాయంత్రానికే మెత్తబడతాయి.