జీతం పెంచుతాం, ఉండిపొమ్మంటే: సంతకానికి ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఫ్యాక్టరీల్లోనూ కాంట్రాక్టు ఆఫీసుల్లోనూ జీతాల పెంపు ఉత్తరాలు చేతికందే రోజులివి. పోయిన నెల మా రాయగడలోనే ఒక సూపర్‌వైజరు వరుసగా రెండు షిఫ్టులు చేసి, బండి మీద ఇంటికి వస్తూ నిద్ర ముంచుకొచ్చి కల్వర్టును గుద్దుకున్నాడు. ఏడాదిగా మానేస్తానంటూనే ఉన్న మనిషి, 20,000 జీతం 27,000 చేస్తామనేసరికి ఆగిపోయాడు. ప్రాణం దక్కింది గాని కాలు విరిగింది. మంచం మీద ఉండి కూడా అతను వచ్చినవాళ్ళందరినీ అడిగింది ఐదో తేదీన కట్టవలసిన కిస్తీ సంగతే.

వేరే ఉద్యోగం ఖాయం కాకుండా రాజీనామా ఇవ్వకూడదని అందరికీ తెలుసు కనుక దాని గురించి రాయను. డబ్బు కోసం నచ్చని ఉద్యోగంలో కొనసాగడం తప్పని కూడా అనను. తండ్రి వైద్యానికో, విశాఖలో చదువుతున్న పిల్లల ఫీజుకో నెలనెలా డబ్బు పంపవలసినవాడికి మనసుకు నచ్చిన పని వెతుక్కోమని చెప్పడం చాలా తేలిక. నేను మనుషులు చితికిపోవడం చూసింది ఒక్కచోటే: పెరిగిన జీతం స్లిప్పు చూపించి వెంటనే అప్పు తీసుకోవడం.

లెక్క చూడండి. 3 లక్షల పర్సనల్ లోను 14 శాతం వడ్డీకి ఐదేళ్ళ గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 6,980 రూపాయల కిస్తీ పడుతుంది. అంటే 7,000 పెంపు మొత్తం దానికే సరిపోతుంది, చేతికి మిగిలేది పాత జీతమే, పైగా 60 నెలలపాటు పెరిగిన జీతంకంటే తక్కువ ఇచ్చే ఏ మంచి ఉద్యోగానికీ వెళ్ళలేరు. ఉద్యోగం మానగలిగే స్వేచ్ఛ ఉన్నంతవరకే పై అధికారి మీతో కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాడు. కిస్తీ ఉందని తెలిసిన రోజునుంచి డబుల్ డ్యూటీకి మీ పేరే ముందు రాస్తాడు. జీతం పెరిగిన వారంలోనే లోను ఏజెంట్లు ఫోను చేయడం మొదలుపెడతారు. వాళ్ళకు ఎవరు చెబుతారో నాకెప్పుడూ అంతుపట్టలేదు.

పెంపు ఎక్కడ కలిసిందో కూడా చూడాలి. పీఎఫ్ (భవిష్య నిధి), గ్రాట్యుటీ (కొన్నేళ్ళు పనిచేసి మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) ప్రధానంగా బేసిక్ (మూలవేతనం), డీఏ (కరువు భత్యం)ల మీద లెక్కిస్తారు కనుక, పెంచినదంతా సైట్ అలవెన్సు, హాజరు ఇన్సెంటివ్ పేర్లతో ఇస్తే ఆ మేరకు అవి పెరగకపోవచ్చు, పైగా రేపు సైటు మారితే ఆ డబ్బూ ఆగిపోవచ్చు. ఉద్యోగికీ కుటుంబానికీ వైద్యం అందించే ప్రభుత్వ బీమా ఈఎస్ఐకి ఇప్పుడున్న జీతం పరిమితి నెలకు 21,000. ఓవర్‌టైం కలపకుండా జీతం ఆ గీత దాటితే, సెప్టెంబరు చివరికో మార్చి చివరికో ముగిసే ఆ చందా కాలం వరకే మీరు అందులో కొనసాగుతారు. ఆ తర్వాత కొన్ని నెలలకు ఆ వైద్య సదుపాయమూ ఆగిపోతుంది, ఇక ఇంటిల్లిపాదికీ వైద్యం మీ జేబులోంచే జరగాలి. పెంపులోంచి ముందుగా ఆరోగ్య బీమా ప్రీమియం తీసివేసి మిగిలినదాన్నే పెంపుగా లెక్కించండి.

ఆగడమే మంచిదైన సందర్భం ఒకటుంది. పర్మనెంట్ ఉద్యోగంలో ఐదేళ్ళు నిండడానికి కొద్ది నెలలే ఉంటే ఆగండి, అవి నిండితేనే గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్, డీఏ కలిపి 13,000 ఉన్నవారికి నెలను 26 రోజులుగా లెక్కించి ఏడాదికి 15 రోజుల చొప్పున ఐదేళ్ళకు గ్రాట్యుటీ 37,500 వస్తుంది. గడువు కాంట్రాక్టువారి నియమం వేరు.

బాధ దేనివల్లో కాగితం మీద రాయండి. జీతం చాలకపోవడమే బాధ అయితే పెంపు దాన్ని తీరుస్తుంది. అధికారి నోటిదురుసుతనాన్నీ, నిద్ర లేని రాత్రి డ్యూటీలనూ, హెల్మెటూ బెల్టూ ఇవ్వకుండా ఎత్తుమీదికి ఎక్కించడాన్నీ ఏ పెంపూ తీర్చదు. ఈ చివరిది ఉంటే లెక్కలు వేయకుండా బయటపడండి.

ఉండాలనే నిర్ణయించుకుంటే, ఎందుకు, ఏ నెల వరకు అన్నది ఇంట్లో చెప్పి ఉండండి. నోటిమాటగా చెప్పిన పెంపును నమ్మవద్దు. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితాన్ని చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు. నోటీసు గడువు ఒక నెల నుంచి మూడు నెలలయిందేమో, ఏడాదిలోపు మానితే బోనసు తిరిగి కట్టాలని ఉందేమో వెతకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వవద్దు. పెరిగిన జీతం మీద అప్పు తీసుకోవద్దు. బావమరిది లోనుకు హామీ సంతకమూ పెట్టవద్దు, అదీ అప్పే. పెద్ద చీటీలో చేరవద్దు. పెరిగిన సొమ్మును మొదటి ఆరు నెలలు వేరే ఖాతాలో వేసి, పాత జీతంతోనే ఇల్లు నడపండి. మానేటప్పుడు పీఎఫ్ తీసివేయవద్దు, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కింద బదిలీ చేయించండి. డబుల్ డ్యూటీ చేసిన రాత్రి బండి నడపవద్దు. కొత్త బండి కిస్తీల మీద అసలే కొనవద్దు. షోరూములో మొదటి కిస్తీ మాఫీ అన్నా కొనవద్దు.