మీ ఊళ్లో మూపురం పుండు ఎన్ని పశువులకు ఉందో లెక్క తీయడం ఎలా?

గుంటూరు పక్క పల్లెల్లో రైతునడిగితే "మా దాంట్లో అలాంటి రోగమేం లేదండీ" అనేస్తాడు. కొట్టంలోకి వెళ్లి ఒంగోలు ఎద్దు మూపురం చూస్తే అరచేయంత మచ్చ, బొచ్చు ఊడి, రసి కారుతూ ఉంటుంది. తోక అక్కడిదాకా అందదు, ఈగలకు అదే పండగ.

దీనికి మూలం స్టెఫనోఫైలేరియా అనే సన్నటి పురుగు. ఆవులకూ ఎద్దులకూ పట్టే రకాన్ని 1936లో అస్సాంలో వర్ణించారు, అందుకే దాని పేరులో ఆ రాష్ట్రం ఉంది. గేదెలకు పట్టేది వేరే రకం, చెవి దగ్గర పుండు పెడుతుంది. రసి తాగిన ఈగ పురుగు పిల్లల్ని కూడా మింగుతుంది. అవి దానిలో కొన్ని వారాలు పెరిగి ఇంకో పశువుకు చేరతాయి.

ముందు కాలం చూసుకోండి. ఈగలు ముసిరే వానాకాలంలోనే లెక్క తీయాలి. చలికి పుండ్లు కాస్త ఆరతాయి, సంక్రాంతికి చూసి "తగ్గిపోయింది" అనుకుంటే మోసపోతాం.

తర్వాత ఊళ్లో పశువులన్నింటినీ రాసుకోండి, పుండు లేనివి కూడా. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఆస్పత్రికి తోలుకొచ్చినవే లెక్కేస్తే ఊరంతా పుండ్లే అనిపిస్తుంది. ఎద్దులు, ఆవులు, గేదెలు, దూడలు వేర్వేరు వరసల్లో ఉండాలి.

ఇప్పుడు ఒక్కోదాన్నీ పగటి వెలుగులో చూడండి: మూపురం, మెడ, గంగడోలు, కాళ్లు, గేదెకైతే చెవి. కాడి కింద ఒరుసుకున్న పుండును ఇందులో కలపకండి. మా తాతకు ప్రతి పుండూ కాడి పుండే! జ్వరంతో ఒళ్లంతా గడ్డలు లేస్తే అది లంపీ స్కిన్, వైరస్ వల్ల వచ్చేది. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

కంటితో చూసింది అనుమానం మాత్రమే. డాక్టరు పుండు అంచున నెత్తురు చెమ్మ కనిపించేదాకా గీకి, ఆ చెక్కును సెలైన్‌లో వేసి మైక్రోస్కోపు కింద చూస్తేనే ఖాయం. మన ఆస్పత్రిలో కుదరకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీలో చూపించే వీలుందేమో ఆయన్నే అడగండి.

లెక్క సులువే. 40 పశువుల్లో 6కు పుండు ఉంటే అనుమానం 15 శాతం. ఆ ఆరింట్లో నాలుగింటికి పురుగు కనిపిస్తే ఖాయమైంది 10 శాతం. రెండూ రాసి పెట్టుకోండి.

ఈ ఈగలు పచ్చి పేడలో గుడ్లు పెడతాయి. పేడకుప్ప కొట్టానికి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కూడా అదే పుస్తకంలో రాయండి. కుప్ప జరిపాక వచ్చే వానాకాలం మళ్లీ అవే కొట్టాలు చూడాలి కదా.